మౌరు అనే ఊరు

చలికాలంలో శుక్రవారం పొద్దున ముత్లా గుట్ట మీదికి గాలి కింది నుంచి వీస్తుంది. దానితోపాటు ఎడారిలో గుడారాలు వేసుకున్న కువైట్ కుటుంబాల పొయ్యిల పొగ, ఏలకులు వేసి కాచిన టీ వాసన, ఇసుకలో బండ్లు తిప్పుకునే పిల్లల కేకలు పైకి వస్తాయి. మొన్న వాన పడిన మర్నాడు ఒక్కణ్ణే ఎక్కుతున్నప్పుడు ఆ పొగ ముక్కుకు తగిలి, అంచున ఉన్న చదును రాయి దగ్గర ఆగిపోయాను. కొన్నేళ్ళ కిందట నర్సయ్య గారు సరిగ్గా అక్కడే నిలబడి తన ఊరి పేరు పెట్టి కేక వేశారు. కింద గుడారం దగ్గర గిన్నెలు తోముతున్న ఒక తెలుగు మనిషి ఆ కేకకు బదులు పలికింది. ఆ బదులుతో, పుట్టినప్పటి నుంచి ఆయనకున్న ఊరు ఆయనకు లేకుండా పోయింది.

ఆ ఉదయం జరిగింది చెబుతాను. అంచుకు చేరగానే ఆయన రెండు అరచేతులూ నోటి దగ్గర దోనెలా పట్టి, "మౌరో..." అని సాగదీసి అరిచారు. ప్రతి శుక్రవారం అలాగే అరిచేవారు. ఎప్పుడూ గాలి తప్ప ఏదీ పలకలేదు. ఆ రోజు మాత్రం కింద గిన్నెల చప్పుడు ఆగింది. నీలం గౌను మీద స్వెట్టరు వేసుకున్న నడివయసు ఆడమనిషి తల ఎత్తి చూసింది. సల్వాలో ఒక ఇంట్లో పనిచేసే సువార్తమ్మ అని తరువాత తెలిసింది. యజమానుల కుటుంబం ఎడారికి విడిదికి వస్తే వంటకు ఆమెనూ, బండి నడపడానికి రాయచోటి ఖాదర్‌నూ వెంట తెచ్చుకున్నారు.

"ఏవండోయ్! తెలుగోళ్ళాండీ?" అని ఆమె అరిచింది. "మా వూరూ మా వూరూ అని అరుత్తన్నారు, ఏ వూరండీ మీది? మాది రాజోలు పక్కనండి!"

మేము నాలుగడుగులు దిగి మాట అందే దూరానికి వెళ్ళాం. నర్సయ్య గారికి ఆ మాటల్లో 'మౌరు' ఒక్కటే వినబడింది. మొహం వెలిగిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకుని, "మౌరు! మౌరు!" అన్నారు.

"అదే అడుగుతున్నానండి బాబూ!" సువార్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ వూరు మీకు మావూరే, మా వూరు నాకు మావూరే. దానికో పేరుంటాది కదండీ, ఆ పేరు సెప్పండి!"

బండి తుడుస్తున్న ఖాదర్ కలగజేసుకున్నాడు. "ఓ అక్కా, ఆ సారుకు తెలుగు రానట్టుండాది, ఇడ్సిపెట్టు. ఈ దిబ్బెక్కి అరిసేదానికి ఆయన తిప్పలు ఆయనవి. లోపల మామా పిలుస్తాండాది, యల్లా, పోదాం!"

"వత్తన్నా, వత్తన్నా. పిల్లోడికి పాలు కాసేదాకా మామాకి కాలూచెయ్యీ ఆడదు," అని గొణుక్కుంటూ ఆమె గుడారంలో ఉన్న యజమానురాలి దగ్గరికి వెళ్ళిపోయింది.

నర్సయ్య గారు నా వైపు తిరిగారు. నలభై ఏళ్ళు వార్తలు దిద్దిన మనిషి. ఎదుటివాడి మొహంలో తప్పు దొరికిన సంగతి ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది. "ఏమందావిడ?" అని ఇంగ్లీషులో అడిగారు. చెప్పాను. మా ఊరు అంటే ఊరి పేరు కాదని, ఎవరి ఊరిని వాళ్ళు అలాగే అంటారని, అది రెండు మాటలని చెప్పాను. ఆయన చదును రాయి మీద కూర్చున్నారు. టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నారు. కింద జహ్రా పట్టణం వైపు, దూరంగా కనబడే దారి వైపు చూశారు. ఆ తరువాత ఆయన అన్న మాట, ఆ అన్న తీరు, నాకు ఇవాళ్టికీ చెవిలో ఉంది. "అయితే నాలుగు తరాలుగా మా ఇంటివాళ్ళు ఒక సర్వనామానికి దండం పెడుతున్నారన్నమాట."

నర్సయ్య గారు ఫిజీ మనిషి. పసిఫిక్ సముద్రంలో ఒక దీవిలో, చెరకు తోటల మధ్య పుట్టారు. వాళ్ళ అమ్మగారి నాయనమ్మను నూరేళ్ళ కిందట మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కించి, తెల్లవాళ్ళ చెరకు తోటల్లో కూలికి తీసుకుపోయారు. ఆమెను ఇంట్లో అందరూ ఆజీ అనేవారు. అక్కడి హిందీలో నాయనమ్మ అని. ఆజీ తెలుగే మాట్లాడేది. ఆమె తరువాతి తరానికి సగం వచ్చింది, ఆపై తరానికి తిట్లూ తిండి పేర్లూ మిగిలాయి. నర్సయ్య గారి దాకా వచ్చేసరికి అన్నం, నీళ్ళు, రా, పో లాంటి మాటలు గుప్పెడు మిగిలాయి. వాటితోపాటు ఇంటి వెనక ఉన్న చిన్న కొండకు 'మెట్ట' అనే పేరు, తమ ఊరు 'మౌరు' అనే నమ్మకం మిగిలాయి. ఏటా చెరకు నరకడం ముగిసిన తరువాతి ఆదివారం ఆజీ ఆ మెట్ట ఎక్కి, ఓడ వచ్చిన పడమటి దిక్కుకు తిరిగి అరిచేదట. పిల్లలు వెంట వెళ్ళి వాళ్ళూ అరిచేవారట. ఆమె పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. కూలికి వచ్చినవాళ్ళ ఊరి పేరు రాసి ఉండే గిర్మిట్ ఒప్పందం కాగితాలు చాలామందికి దొరికాయి. వీళ్ళు కూడా వెతికించుకున్నారు గాని, ఆజీలాగే లచ్చమ్మ అనే పేరుతో ఓడ దిగినవాళ్ళు ఎందరో ఉన్నారు, ఆమె తండ్రి పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది కువైట్‌లో, ఒక ఇంగ్లీషు దినపత్రిక ఆఫీసులో. ఆయన వార్తల బల్లకు పెద్ద, నేను ప్రొద్దుటూరులో తెలుగు పత్రికకు కొన్నేళ్ళు వార్తలు రాసి వచ్చిన కొత్త ఉపసంపాదకుణ్ణి. నా పేరు కింద ఆంధ్ర అని చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మౌరు ఎక్కడుంది?" అని. ఇంగ్లీషు మాటల మధ్య, ఇంగ్లీషు ఊనికతో వచ్చిన ఆ పేరు నాకు పేరుగానే వినబడింది. మామిడూరు కావచ్చునా, మావిళ్ళపాడు కావచ్చునా అని నేను కూడా ఏళ్ళ తరబడి వెతికాను. ఒకసారి పేరని విన్న మాటను చెవి మళ్ళీ విప్పి చూడదు. ఎక్కడో గుడారం ముందు గిన్నెలు తోముకుంటూ, ముందు వెనకలు తెలియకుండా విన్న మనిషికి అది మామూలు తెలుగు మాటలా తగలడం సహజమే.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా ఒక చిన్న వార్త దగ్గర మొదలైంది. మిష్రిఫ్‌లో ఒక ఇంటి డ్రైవరు గుండె ఆగి చనిపోయాడు. 'ఒక భారతీయుడు' అని రాసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు.

"భారతదేశం చాలా పెద్దది. ఇతను అందులో ఏ ఇంట్లో నిద్రపోయేవాడు?"

"పోలీసులు అంతే ఇచ్చారు సార్."

"పోలీసులకు అంతే చాలు. మనకు చాలదు. అడుగు."

అతని కఫీల్‌కు ఫోన్ చేశాను. ఆ యజమాని మర్యాదగానే మాట్లాడి, పదేళ్ళు తన పిల్లల్ని బడికి దింపిన మనిషి ఊరు తనకు తెలియదన్నాడు. చివరికి ఆ వీధిలోని మరో డ్రైవరు చెప్పాడు, రాయచోటి అవతల ఒక పల్లె అని. ఆ పేరు చేర్చి వార్త తీసుకెళితే ఆయన నన్ను గోడ మీది భారతదేశం పటం దగ్గరికి నడిపించారు. "వేలు పెట్టి చూపించు." పటంలో ఆ పల్లె లేదు. రాయచోటి ఉంది, దాని అవతల ఖాళీ. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, నేను చూపించిన దిక్కున ఒక చుక్క పెట్టి, "ఇప్పుడుంది," అన్నారు. ఆ పటం మీద అప్పటికే అలాంటి చుక్కలు చాలా ఉన్నాయి. కేరళలో ఎక్కువ, గోదావరి పాయల మధ్య గుంపుగా, తెలంగాణలో అక్కడక్కడా. ప్రతి చుక్క వెనకా ఒక మరణమో ఒక ప్రమాదమో ఉంది. తన ఊరు ఎక్కడో తెలియని మనిషి అందరి ఊళ్ళకూ చుక్కలు పెడుతున్నాడని అప్పుడు నాకు తోచలేదు. ఆయన కోపం, ఆయన పట్టుదల పత్రిక కోసమే అనుకున్నాను.

శుక్రవారాలు ముత్లాకు నన్ను వెంటపెట్టుకు వెళ్ళేవారు. తమ దీవిలోని కొండ కూడా ఇంచుమించు ఇంతే ఎత్తని, అది పచ్చగా తడిగా ఉంటుందని, ఇది ఎండి ఉందని, అంతకు మించి తేడా లేదని వాదించేవారు. "ఈ మెట్ట ఎక్కుతుంటే మోకాళ్ళకు ఇల్లు గుర్తొస్తుంది," అనేవారు. మెట్ట అనే మాట విని నేను నవ్వేవాణ్ణి. మా వైపు మెట్ట అంటే వాన మీద ఆధారపడ్డ చేను. కొండ చిన్నదైతే గుట్ట. "మీ ఆజీ ఏదో తప్పుగా చెప్పి ఉంటుంది సార్," అనేవాణ్ణి. "ఆజీ తప్పు చెప్పదు. మేము తప్పుగా విని ఉండొచ్చు," అనేవారు. ఆ మాట ఎంత నిజమో సువార్తమ్మ నవ్విన రోజు తెలిసింది.

ఆ తరువాత రెండు శుక్రవారాలు ఆయన ముత్లాకు రాలేదు. ఆఫీసులో పని యథావిధిగా చేశారు. వాళ్ళ అమ్మగారు బతికే ఉంది, ఎనభై దాటింది, ఆ దీవిలోనే ఉంటుంది. ఆమె చిన్నప్పుడు ఆజీ చెయ్యి పట్టుకుని మెట్ట ఎక్కినది. వారానికోసారి ఫోన్‌లో కొడుకును అడిగేది, "నీ చుట్టూ అంతమంది తెలుగువాళ్ళున్నారు కదా, మౌరు వాళ్ళు ఎవరైనా కనబడ్డారా?" అని. ఇన్నేళ్ళూ ఆయన "ఇంకా లేదమ్మా" అంటూ వచ్చారు. ఇప్పుడు ఆ మాట అనలేరు, ఉన్న మాట చెప్పలేరు. "ఆమెకు మిగిలిన రోజుల్లో ఆ ఊరు లాక్కోవడానికి నేనెవరిని?" అని ఒక మధ్యాహ్నం క్యాంటీనులో నన్ను అడిగారు. "కాని తప్పని తెలిసిన పేరును నా ఇంట్లో నేను ఎలా నడవనిస్తాను?"

ఆ వేసవిలో అమ్ఘరాలో పాత సామాన్ల దొడ్డి ఒకటి కాలిపోతే రాయడానికి వెళ్ళాను. మంట ముందుగా చూసింది ఎవరని అడిగితే, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన వెల్డరు ఒకాయన ఇనుప తుక్కు గుట్టను చూపించాడు. "ఆ మెట్టెక్కి సూసినాను బాబూ. అటేపు పొగ అగుపడింది. ఒరే, మంటలెగస్తన్నాయిరా, పరిగెట్టండ్రా అని కేకేసినాను."

"ఏదెక్కి చూశావు?"

"మెట్ట. ఆ తుక్కు మెట్ట." నన్ను ఎగాదిగా చూశాడు. "మెట్టంటే తెల్దేటి? కొండకి సిన్నది. మా ఊరెనకాల ఉంది. మా పక్క ఏ ఊరెనకాల సూసినా ఒకటుంటాది."

ఆ సాయంత్రం కాలిన దొడ్డి కన్నా ముందు ఈ సంగతే నర్సయ్య గారికి చెప్పాను. ఆయన లేచి పటం దగ్గరికి వెళ్ళారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ఎక్కడున్నాయో చూపించమన్నారు. చూపించాను. ఆయన ఆ మూడింటి మీదా కుడి అరచెయ్యి పరిచి, కొంతసేపు అలాగే ఉంచారు. "వేలు పెట్టలేను. అరచెయ్యి పెట్టగలిగాను. నిన్నటిదాకా అదీ లేదు," అన్నారు. పక్క బల్ల వాళ్ళు తలలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు.

మరుసటి ఏడు ఆయన ఇఖామా, అంటే అక్కడి నివాస అనుమతి, రద్దు చేసుకుని, ఉద్యోగం చాలించి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నాకు ఏమీ ఇవ్వలేదు. "చెరకు అయిపోయాక ఒకసారి రా. మెట్ట చూపిస్తాను," అన్నారు. మర్యాదకు అన్న మాట కాదని తెలిసి, ఆ డిసెంబరులో సెలవు పెట్టి వెళ్ళాను. విమానాలు మారి, చివరికి ఒక చిన్న విమానం దిగి, కోసిన చెరకు మోళ్ళ మధ్య ఎర్రమట్టి దారిలో వాళ్ళ ఇంటికి చేరాను. రేకుల ఇల్లు, ముందు మందార చెట్లు, వెనక ఆ కొండ. సముద్రం మీది మబ్బు దాని నెత్తిని ముట్టుకుంటూ ఉంది గాని, అది మబ్బు దిగిరావడం వల్లే. కొండ ఎత్తు ఏమంత లేదు. అమ్మగారు గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉంది. సన్నని మనిషి, చేతికి వెండి కడియం. నన్ను దగ్గరికి పిలిచి మొహం తడిమి హిందీలో, "నువ్వు మౌరు వాడివా బేటా?" అని అడిగింది. కాదు, దక్షిణాన మరో ఊరన్నాను. "దగ్గరేనా?" అంది. నర్సయ్య గారు అటు తిరిగి చెప్పుల పట్టీ బిగించుకుంటున్నారు.

ఆదివారం పొద్దున ఎక్కాం. ముత్లాలో కాలి కింద రాయి గలగలమంటుంది. ఇక్కడ అడుగు తీస్తే మట్టి కూడా వెంట వస్తుంది. జామ చెట్లు దారికి అడ్డంగా వంగి ఉన్నాయి. రాలిన పండ్లు పులిసిన వాసన. నడుము లోతు గడ్డి, దానిలోంచి లేచే గోరువంకలు. ఈ పిట్టల్ని కూడా మన దేశం నుంచే తెచ్చి ఇక్కడ వదిలారని ఆయన చెప్పారు. వేర్లు పట్టుకుని ఎక్కవలసిన చోట ముందు తాను ఎక్కి చెయ్యి అందించారు. ఉక్కకు చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. పైన కప్పులాగా చదునుగా ఉంది. అటు చెరకు చేలు, వాటి చివర మడ చెట్లు, ఆపైన లేత నీలం నీళ్ళు, వాటిని ముదురు సముద్రం నుంచి వేరు చేస్తూ అలలు విరిగే తెల్లని గీత. ఆ గీత అవతలి నుంచే ఆజీ వచ్చింది.

ఆయన పడమటికి తిరిగి నిలబడ్డారు. అరచేతులు నోటి దాకా ఎత్తి, మళ్ళీ దించారు. "ఉపసంపాదకుడా," అన్నారు నవ్వకుండానే, "ఉంచమంటావా, కొట్టేయమంటావా?" అది దిద్దే వార్త కాదు. కింద ఇంటి ముందు, ఆ కేక కోసం ఒక ముసలి మనిషి చెవి అటు పెట్టి కూర్చుని ఉందని ఇద్దరికీ తెలుసు. ఆయన రెండోసారి చేతులెత్తారు. దించారు. మబ్బు ఒకటి మమ్మల్ని తడిపి వెళ్ళింది.

అప్పుడు కిందినుంచి వచ్చింది ఆ గొంతు. సన్నగా, మధ్యలో తెగుతూ, "మౌరో..." అని. కొడుకు మరిచిపోయాడనుకుందో, ఎక్కలేకపోయాడనుకుందో, అమ్మగారే అరిచింది. నర్సయ్య గారు గిరుక్కున వెనక్కి తిరిగారు, సముద్రం వైపు నుంచి ఇంటి వైపుకు. ఆమె మళ్ళీ అరిచింది. ఆయన గొంతులోంచి వచ్చినది పేరు కాదు. "ఓ..." అన్నారు. పొలంలో ఎవరైనా పిలిస్తే పలికినట్టు, ఇక్కడే ఉన్నాను అన్నట్టు, "ఓ..." అని ఊపిరి అయిపోయేదాకా. ఆజీ నుంచి ఇప్పటిదాకా ఆ కేకకు ఆ మెట్ట మీద నుంచి ఎవరూ పలికి ఉండరు. ఆయన కళ్ళు తుడుచుకోలేదు. "పద, అమ్మకు చెబుతాను," అని దిగడం మొదలుపెట్టారు.

ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుని చెప్పారు. మెల్లగా, రెండు మాటలూ విడివిడిగా పలికి చూపిస్తూ చెప్పారు. ఆమె విన్నది. చేతి కడియం తిప్పుకుంది.

"అయితే ఆజీకి ఊరు లేదా?"

"ఉందమ్మా. పేరు మనకు తెలియదు."

"చెప్పిందనుకున్నాం," అంది ఆమె. "రోజూ ఆవిడ పక్కలోనే పడుకునేదాన్ని. చెప్పిందనుకుని అడగలేదురా."

ఆ మాటకు ఆయన తల వంచుకున్నారు. ఆమే ఆయన తల మీది తడి గడ్డిపరకలు ఏరుతూ, "సరే, ఇప్పుడు అడుగు. అడుగుతూ ఉండు," అంది.

ఆయన మరో రెండేళ్ళు అడిగారు. నాకు ఫోన్ చేసి, శ్రీకాకుళం వాళ్ళు ఎవరు కనబడినా మాట్లాడించమనేవారు. ఆపై ఒక రోజు ఆ దీవి నుంచి వేరే గొంతు ఫోన్ చేసి, ఆయన పోయారని చెప్పింది. నేను ఇప్పుడు ఆ వార్తల బల్ల దగ్గరే కూర్చుంటాను. కొత్తగా చేరిన పిల్లలు 'ఒక ఆసియా దేశస్థుడు' అని రాసి తెస్తే వెనక్కి పంపుతాను. చాదస్తం అనుకుంటారని తెలుసు. అమ్మగారు ఇంకా ఉంది. చూపు పోయింది గాని చెవి బాగుంది. ఆదివారం మనవరాలి చేత ఫోన్ చేయిస్తుంది. కొడుకు పోయినప్పటి నుంచి నన్నే అడుగుతుంది. "దొరికిందా బేటా?" అంటుంది. నేను ఉత్తరాంధ్ర మనిషి ఎవరు కనబడినా ఊరు పేరు అడిగి, ఆ ఊరి వెనక మెట్ట ఉందా అని అడుగుతున్నాను. ఇప్పటిదాకా లేదన్నవాళ్ళు లేరు.